పక్కసీటు పెద్దమనిషి

చూపు పరీక్ష చేసేవాడికి ముందుచూపు ఉండి తీరాలని ఎక్కడా రూలు లేదు. ఈ మాట మొదటే చెప్పేస్తే, తర్వాత మీరు నన్ను చూసి నవ్వేటప్పుడు కాస్త జాలిగా నవ్వుతారని నా ఆశ.

నాది కళ్ళజోళ్ళ షాపు. ఇరవై రెండేళ్ళుగా జనానికి అక్షరాల బోర్డు చూపించి, "పై వరస చదవండి, ఇప్పుడు కింది వరస" అంటూ బతుకుతున్నాను. మా ఆవిడ కాలేజీలో అడ్మిషన్ల సెక్షన్‌లో పనిచేస్తుంది. అంటే ఊళ్ళో పిల్లలు నింపిన దరఖాస్తుల్లో తప్పులు పట్టడం ఆవిడ ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చాక నాలో తప్పులు పట్టడం ఓవర్‌టైము. ఓవర్‌టైముకు జీతం లేదు గానీ, ఆవిడకు శ్రద్ధ దానిమీదే ఎక్కువ.

మాకు ఒక్కతే అమ్మాయి. పద్దెనిమిదేళ్ళు నిండిన మర్నాడు పొద్దున, కాఫీ తాగుతూ ఉండగా బాంబు వేసింది.

"నాన్నా, నేను కారు నేర్చుకుంటాను."

కాఫీ వెళ్ళాల్సిన దారిలో కాకుండా వేరే దారిలో వెళ్ళింది. మా ఆవిడ నా నెత్తిమీద రెండు తట్టి, "పిల్ల కారు నేర్చుకుంటానంటే మీకు పొలమారడం దేనికండీ?" అంది. ఆ రెండు దెబ్బల్లో ఒకటి అవసరానికి మించి గట్టిగా పడింది.

"ఎక్కడికెళ్ళడానికే? స్కూలుకి నేను దింపుతున్నాగా!" అన్నాను.

"స్కూలు అయిపోవస్తోంది కదా నాన్నా. ఊరవతల పశువుల ఆస్పత్రిలో నన్ను ట్రైనింగ్‌కి తీసుకుంటామన్నారు. అక్కడికి బస్సు లేదు. సొంతంగా బండి నడుపుకుంటూ వచ్చేవాళ్ళకే సీటు. రెండు నెలల్లో, ఒకటో తారీఖుకల్లా లైసెన్సు చూపించాలి. లేకపోతే నా తర్వాత పేరున్నవాళ్ళకి ఇచ్చేస్తారు."

దానికి ఐదో ఏటినుంచీ పశువుల పిచ్చి. వీధిలో కుంటే ప్రతి కుక్కా మా ఇంటి మెట్లమీదే కోలుకునేది. ఈ సీటు కోసం ఆ ఆస్పత్రి చుట్టూ నాలుగు నెలలు తిరిగింది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే నేను చేసిన పని చెబుతున్నాను, వినండి.

ముందు మీకో రహస్యం చెప్పాలి. మా ఆవిడకు చెప్పకండి. ఆవిడకు ఎలాగూ తెలుసు.

ఇంట్లో మా అమ్మాయిని ఏమడిగినా "ఊఁ", "ఉఁహూఁ" తప్ప మూడో మాట రాదు. కారెక్కి తలుపు వేసుకుందంటే మాత్రం నోరు తెరుచుకుంటుంది. లెక్కల మాస్టారు క్లాసులో నిలబడే ఎలా నిద్రపోయాడో, స్నేహితురాళ్ళు ఇద్దరూ ఒకే రంగు బ్యాగు కొనుక్కుని ఎలా మాటలు మానేశారో, అన్నీ చెబుతుంది. ఇంటి దగ్గర్నుంచి స్కూలు దాకా ఇరవై నిమిషాలు. రోజులో ఇరవై నాలుగు గంటలున్నా, నావి ఆ ఇరవై నిమిషాలే. తక్కినవన్నీ షాపువీ, మా ఆవిడవీ.

దానికి లైసెన్సు వస్తే అవి పోతాయి. అది నావల్ల కాలేదు. అందుకని వద్దనకుండా, కాస్త వాయిదా వేయిద్దామనుకున్నాను. ఒకటో తారీఖు దాటిస్తే చాలు. పిల్ల నాలుగు రోజులు ఏడుస్తుంది, వచ్చే ఏడు ఇంకో సీటు దొరుకుతుందిలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అలా చెప్పుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మొదటి అస్త్రంగా ఇన్సూరెన్సు ఏజెంటును ప్రయోగించాను. ఆయన అసలు పేరు మా వీధిలో ఎవరికీ తెలీదు. ఏం చెప్పినా చివర "షరతులు వర్తిస్తాయి" అంటాడు కాబట్టి అందరూ ఆయన్ను షరతులాయన అనే పిలుస్తారు. బాగున్నారా అని అడిగితే "బాగానే ఉన్నాను, షరతులు వర్తిస్తాయి" అనే రకం. ఆయన్ను ముందే షాపుకు పిలిచి పాఠం చెప్పాను. "టీనేజి పిల్ల స్టీరింగ్ పట్టుకుంటే ఇన్సూరెన్సు ఎంత పెరుగుతుందో, మా ఆవిడకు గుండె జారిపోయేలా చెప్పాలి మీరు."

ఆయన వచ్చి సోఫాలో కూర్చుని, సంచీ విప్పి, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. "అమ్మా, ఇంట్లో ఇరవై దాటని డ్రైవరుంటే కంపెనీ భయపడుతుందమ్మా. ప్రీమియం దాదాపు రెట్టింపవుతుంది. షరతులు వర్తిస్తాయి."

"విన్నావా? రెట్టింపు!" అన్నాను నేను, అప్పుడే మొదటిసారి విన్నట్టు గుండె మీద చెయ్యి వేసుకుని.

మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. "ఏ షరతులండీ?"

షరతులాయన తెల్లబోయాడు. పాతికేళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడగలేదట. తడబడుతూ చిన్న అక్షరాల పుస్తకం తీసిచ్చాడు. మా ఆవిడ దాన్ని అడ్మిషన్ దరఖాస్తు చదివినట్టు వేలుపెట్టి చదివింది. మేమిద్దరం ఫలితాల కోసం కూర్చున్న పిల్లల్లా కూర్చున్నాం.

"పద్నాలుగో పేజీ. స్కూల్లో మంచి మార్కులొస్తే తగ్గింపు. పిల్లకు వచ్చాయి. పక్కన పెద్దవాళ్ళను కూర్చోబెట్టుకుని అరవై గంటలు పూర్తిగా నడిపితే ఇంకో తగ్గింపు. నడుపుతుంది. ఇంట్లోవాళ్ళు ఐదేళ్ళుగా క్లెయిము చేయకపోతే మూడోది. చేయలేదు. ఇవన్నీ తీసేస్తే పెరిగేది కాస్తే. మీరు ఏటా షాపు బోర్డుకి వేయించే రంగు మానేస్తే సరిపోతుంది."

"అది కాదే..."

"ఇంకోటి కూడా రాశారు చూడండి. నేర్చుకునే పిల్ల పేరు మొదటి రోజు నుంచే పాలసీలో ఉండాలట. దాచిపెట్టి, తర్వాత ఎక్కడైనా గుద్దుకుంటే చిల్లిగవ్వ రాదట. ఏజెంటుగారూ, ఇప్పుడే ఎక్కించెయ్యండి."

"అలాగేనమ్మా. మీ ఇద్దరి లైసెన్సుల వివరాలు పాత ఫైల్లో ఉన్నాయి, మళ్ళీ అక్కర్లేదు" అని ఆయన అక్కడికక్కడే రాసేసుకున్నాడు. గుమ్మం దాటుతూ నా చెవిలో, "సార్, మేడమ్‌గారు మా కంపెనీలో చేరతారేమో కనుక్కోండి" అన్నాడు.

మొదటి అస్త్రం తుస్సుమంది. అయితేనేం, రెండోది ఆ పద్నాలుగో పేజీలోనే దొరికింది. లైసెన్సు పరీక్షకు వెళ్ళాలన్నా కూడా అరవై గంటలు నడిపి ఉండాలి. పక్కసీటులో లైసెన్సున్న పెద్దమనిషి ఒకరు కూర్చుని, ఎంతసేపు నడిపారో ఒక పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. పిల్ల ఎంత నడిపినా, పెన్ను ఎవరి చేతిలో ఉంటే గంటలు వాళ్ళవే కదా!

"పక్కసీటులో నేను కూర్చుంటాను" అన్నాను వెంటనే.

"నాకూ లైసెన్సుందిగా. మొదటిసారికే పాసయ్యాను కూడాను. మీరు నాలుగోసారికి పాసయ్యారు" అంది మా ఆవిడ.

"అంటే నాకు అనుభవం నాలుగింతలన్నమాట. ఇది తండ్రి బాధ్యత."

తండ్రి పేరు రాయాల్సిన గడిలో పుట్టినతేదీ రాసిన దరఖాస్తును చూసినట్టు నావంక చూసింది. "సరే, కానివ్వండి" అంది. ఆవిడ అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే నేను జాగ్రత్త పడాల్సింది.

మర్నాటి నుంచి స్కూలుకు వెళ్ళేటప్పుడు కారుకు ఎల్ బోర్డు కట్టి, అమ్మాయి స్టీరింగ్ ముందు కూర్చునేది. నేను పక్కసీటులో పుస్తకం, పెన్నుతో. నిజం చెప్పొద్దూ, పిల్ల బాగా నడుపుతుంది. గేరు మార్చిందో లేదో తెలిసేది కాదు. నేను మారిస్తే వీధి చివర వాళ్ళకు కూడా తెలుస్తుంది. మొదటిరోజు స్కూలు చుట్టూ రెండు చక్కర్లు కూడా కొట్టి, నలభై నిమిషాలు నడిపింది. ఆపాక పుస్తకంలోకి తొంగిచూసింది.

"నాన్నా! ఏడు నిమిషాలని రాశావేంటి?"

"ఎర్రలైటు దగ్గర ఎంతసేపు ఆగావు? ఆగడం డ్రైవింగ్ ఎలా అవుతుందమ్మా? అది ఆగడం."

"మరి గేటు దగ్గర రివర్సు చేశాను కదా!"

"రివర్సంటే వెనక్కి వెళ్ళడం. వెనక్కి వెళ్ళినదాన్ని ముందుకు వెళ్ళినదాంట్లోంచి తీసెయ్యాలి. మీ స్కూల్లో తీసివేతలు చెప్పలేదా?"

"ఆ మలుపు దగ్గర సిగ్నల్ వేశాను, అద్దం చూశాను..."

"వేశావు గానీ, మనస్ఫూర్తిగా వేయలేదు."

పిల్ల ఒక్క చూపు చూసి బ్యాగు తీసుకుని దిగిపోయింది. అచ్చం వాళ్ళమ్మ చూపే.

ఇలా రోజుకు పదీ పన్నెండూ నిమిషాల చొప్పున గంటల్ని కొబ్బరి కోరినట్టు కోరేస్తూ వచ్చాను. నా తెలివికి నేనే మురిసిపోవాల్సింది గానీ, ఒక చిక్కు వచ్చిపడింది. నడిపేటప్పుడు అమ్మాయి మాట్లాడదు! అద్దాలు చూసుకోవడం, రోడ్డు చూసుకోవడం, అంతే.

"ఏమ్మా, మీ లెక్కల మాస్టారు మళ్ళీ నిద్రపోయాడా?" అని నేనే అడిగాను ఒకరోజు, ఉండబట్టలేక.

"నాన్నా, నేర్చుకునేటప్పుడు మాట్లాడకూడదు. రూల్స్ పుస్తకంలో ఉంది."

ఏ ఇరవై నిమిషాల కోసం ఇంత నాటకం ఆడానో, ముందు అవే పోయాయి. ఆ సంగతి ఎవరితో చెప్పుకోను? కుడితిలో పడ్డ ఎలుకలా నోరు మూసుకుని సీటులో కూర్చున్నాను.

ఇంతలో ఇంకో వింత మొదలైంది. పిల్ల స్కూలు దగ్గర దిగాక, నేను కారు తెచ్చి షాపు వెనకాల ఖాళీ స్థలంలో పెట్టి, మళ్ళీ చీకటి పడ్డాకే తీస్తాను. అలా సాయంత్రం కారెక్కి కూర్చోబోతే, స్టీరింగ్ వచ్చి పొట్టకు తగిలింది. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. వెనక రోడ్డు చూసే అద్దంలో రోడ్డు బదులు వెనక సీటు కనిపించింది. ఒకరోజైతే సరే, వారంలో ఐదు రోజులు అదే వరస.

"ఏమోయ్, నాకు పొట్ట పెరిగిందేమో అనిపిస్తోంది" అన్నాను ఇంటికొచ్చి.

మా ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నేనే చెబుదామనుకుంటున్నానండీ. రాత్రిపూట భోజనం సగం చెయ్యండి."

సగం చేశాను. స్టీరింగ్ వెనక్కి జరగలేదు. పావు చేశాను. ఊహూఁ. ఆకలితో రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు. దానికి తోడు పెట్రోలు కూడా అయిపోతోంది. "ఎండలకి ఆవిరైపోతోందేమోనండీ" అంది మా ఆవిడ, బట్టలు మడతపెడుతూ. నేను ఆ శాస్త్రాన్ని షాపుకొచ్చిన వాళ్ళందరికీ బోధించాను కూడా. ఇద్దరు నమ్మారు.

ఆ రోజుల్లోనే ఎదురుకొట్టాయన నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టాడు. ఆయనెవరో చెప్పాలి. పదకొండేళ్ళ క్రితం సరిగ్గా నా షాపుకు ఎదురుగా, నా బోర్డుకంటే రెండడుగులు పెద్ద బోర్డుతో ఇంకో కళ్ళజోళ్ళ షాపు తెరిచిన మహానుభావుడు. ఆ రోజు నుంచి నేను రోడ్డుకు ఆ పక్కన కాలు పెట్టలేదు. టీ బండి ఆ పక్కకు మారితే టీ మానేశాను. అలాంటి మనిషి రోజూ సాయంత్రం మెట్లమీద నిలబడి, నా షాపు వెనక్కి వెళ్ళే సందులోకి చూసి, తర్వాత నన్ను చూసి నవ్వుతాడు. బేరాలు లేక మతి పోయిందనుకున్నాను.

రెండో నెలాఖరుకు నా పుస్తకంలో పదకొండు గంటల ఇరవై నిమిషాలు తేలాయి. పరీక్ష ఇరవై ఎనిమిదో తారీఖున.

"అరవై లేకుండా దరఖాస్తే తీసుకోరమ్మా. వెళ్ళడం దండగ" అన్నాను, గొంతులో వీలైనంత విచారం కలిపి.

"ఫీజు కట్టేశాం కదా నాన్నా. వెళ్ళి చూద్దాం" అంది.

పిల్లను ఓదార్చాల్సి వస్తుందని జేబులో రెండు రుమాళ్ళు పెట్టుకుని బయల్దేరాను. మా ఆవిడ కూడా సెలవు పెట్టి వచ్చింది. కారు ఆవిడే నడిపింది.

లైసెన్సు ఆఫీసులో ఒక పొడుగాటి హాలు, నేలకు బిగించిన కుర్చీలు, నంబర్లు పిలిచే యంత్రం. కౌంటరు అద్దానికి బొడ్డు ఎత్తులో ఒక కన్నం పెట్టారు. ఎంతటివాడైనా నడుం వంచి మాట్లాడాల్సిందే. అద్దం అవతల కూర్చున్న పరీక్షాధికారిణిని ఊళ్ళో ఫెయిలమ్మ అంటారు. సొంత తమ్ముణ్ణే మూడుసార్లు ఫెయిల్ చేసిందని చెప్పుకుంటారు.

"పక్కసీటులో కూర్చున్నదెవరు?" అంది, నా పుస్తకం తిరగేస్తూ.

"నేనేనండీ" అన్నాను వంగి.

"మీ లైసెన్సు?"

ప్లాస్టిక్ తొడుగులోంచి దర్జాగా తీసి కన్నంలోంచి తోశాను. ఆవిడ కార్డు చూసింది, నన్ను చూసింది, మళ్ళీ కార్డు చూసింది.

"ఈ ఫొటోలో ఉన్నది మీరేనా?"

"నేనేనండీ. అప్పటికింకా జుట్టు ఉండేది."

"జుట్టుతోపాటు లైసెన్సు కూడా పోయింది. దీని గడువు తీరి నాలుగేళ్ళయింది."

నాకు దొంగకు తేలు కుట్టినట్టయింది. మర్చిపోయానని చెబితే మీరు నమ్ముతారు గానీ, అది సగమే నిజం. నలభై అయిదేళ్ళు నిండాక లైసెన్సు పొడిగించాలంటే చూపు బాగుందని సర్టిఫికెట్టు కావాలి. ఎవరి కళ్ళకు వాళ్ళే సర్టిఫికెట్టు ఇచ్చుకోకూడదు. ఊళ్ళో నేను కాక ఆ పని చేసేవాడు ఇంకొక్కడే ఉన్నాడు, ఎదురుకొట్టాయన. నా కళ్ళు తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టడమా? రేపు బజారంతా "ఆయన చూపు నేనే చూశాను" అని టముకు వేయడూ? వచ్చే నెల చూద్దాం, పై నెల చూద్దాం అని ఇరవై నాలుగు నెలలు చూశాను. ఆ తర్వాత నిజంగానే మర్చిపోయాను.

"మీరు రాసిన ఈ గంటలేవీ చెల్లవు. పైగా నేరం. ఈ ఫైలు పక్కన పెడుతున్నాను" అంది ఫెయిలమ్మ. పక్కన పెట్టేసింది కూడా.

మా అమ్మాయి మొహం పాలిపోయింది. "నాన్నా, ఒకటో తారీఖుకి మూడు రోజులే ఉంది" అంది. కళ్ళు నిండిపోయాయి. నా జేబులో రెండు రుమాళ్ళున్నాయి, ఒక్కటి తీయడానికి కూడా చెయ్యి రాలేదు. నేను కోరుకున్నది ఇదే కదా! తీరా ఎదురుగా నిలబడేసరికి చూడలేకపోయాను. నాలుగేళ్ళుగా లైసెన్సు లేకుండా, ఏ ఇన్సూరెన్సూ చెల్లకుండా, ఈ పిల్లనే పక్కన కూర్చోబెట్టుకుని రోజూ తిప్పానన్నది కూడా అప్పుడే బుర్రకెక్కింది.

కన్నం దగ్గరకు ఇంకా వంగాను. "అమ్మా, దాన్ని ఆపకండి. తప్పంతా నాది. అది నలభై నిమిషాలు నడిపితే నేను ఏడని రాశాను. ఎర్రలైట్లు కోసేశాను. రివర్సులు కోసేశాను. నాకంటే వందరెట్లు బాగా నడుపుతుంది. లైసెన్సు వస్తే నా కారు దిగిపోతుందని, రోజూ నాతో మాట్లాడే నాలుగు మాటలు కూడా ఉండవని భయపడి చేశాను. నాకేం శిక్ష వేసినా వెయ్యండి."

హాల్లో అందరూ నావైపే చూస్తున్నారు. నంబర్లు పిలిచే యంత్రం కూడా ఎందుకో ఆగిపోయింది. అమ్మాయి నా చొక్కా అంచు పట్టుకుని "నాన్నా" అంది.

ఫెయిలమ్మ, "భయం రాయడానికి ఫారంలో గడి లేదండీ. వేరే ఎవరైనా పక్కన కూర్చున్నారా?" అంది.

అప్పుడు మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసింది.

అట్ట వేసి, పేరు రాసి, పేజీలకు నంబర్లు కూడా వేసిన ఇంకో పుస్తకం బయటికొచ్చింది. "అరవై నాలుగు గంటలండీ. తేదీ, సమయం, ఏ రోడ్డు, ఎండా వానా అన్నీ రాశాను. ఇది నా లైసెన్సు. ఇవి జిరాక్సులు, మూడేసి."

"ఎప్పుడే?" అన్నాను, వంగినవాణ్ణి వంగినట్టే ఉండి.

"రోజూ సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా."

"ఏ కారులో?"

"మన కారులోనే. మీ షాపు వెనకాల ఊరికే పడి ఉంటుందిగా. ఇంట్లో రెండో తాళం ఉంది."

"అయితే ఆ సీటు..."

"పిల్ల మీ అంత పొడుగు కాదు కదండీ. ముందుకు జరుపుకునేది."

"మరి నా పొట్ట?"

"పొట్ట ఎప్పుడూ ఉన్నదే. తగ్గితే మంచిదే కదా అని ఊరుకున్నాను."

రెండు నెలలు పస్తున్నానండీ నేను!

"మొదటిరోజు ఏడు నిమిషాలని రాశారు చూడండి, అప్పుడే తెలిసింది మీ ఎత్తు" అంది మా ఆవిడ. తర్వాత గొంతు తగ్గించి, పళ్ళ బిగువున, "లైసెన్సు సంగతి మాత్రం నాకూ తెలీదు. తెలిస్తే పిల్లని ఒక్కరోజు కూడా మీ పక్కన కూర్చోనిచ్చేదాన్ని కాదు. ఇంటికి పదండి, చెబుతాను" అంది.

ఫెయిలమ్మ ఆ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. ఒక్క తప్పూ దొరకలేదు. ఆవిడ మొహంలో నిరాశ స్పష్టంగా కనిపించింది. చివరికి అమ్మాయిని తీసుకుని బయటికి వెళ్ళి, అరగంట తర్వాత వచ్చింది. సొరుగులోంచి పాసు ముద్ర తీసి కొడితే కాగితం మీద ఏమీ పడలేదు. వాడక సిరా ఎండిపోయిందట. ఊది, ఉమ్మి తడి చేసి, మూడోసారి కొడితే పడింది. మా అమ్మాయి గెంతిన గెంతుకు నేలకు బిగించిన కుర్చీలు కూడా కదిలాయి.

తర్వాత నా పాత కార్డును కత్తెరతో రెండు ముక్కలు చేసి చేతిలో పెట్టారు. జరిమానా సరే. అదికాక నేను మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలట. చూపు సర్టిఫికెట్టు, ఎల్ బోర్డు, అరవై గంటలు, పరీక్ష.

ఆ వారంలోనే షరతులాయన కొత్త పాలసీతో వచ్చాడు. "అమ్మాయిగారికి మంచి మార్కులు, తగ్గింపు. మేడమ్‌గారికి తగ్గింపు. సార్‌ని మాత్రం 'అనుభవం లేని కొత్త డ్రైవరు' కింద వేయాల్సి వచ్చింది. సార్, మీ స్కూలు మార్కుల కాగితం ఏమైనా ఉందా? బాగుంటే కాస్త తగ్గిస్తాం."

"లెక్కల్లో ముప్పై ఆరు."

"అయితే వద్దులెండి" అన్నాడు. షరతులు కూడా వర్తించలేదు.

ఒకటో తారీఖున అమ్మాయి ట్రైనింగ్‌లో చేరింది. ఆస్పత్రికి వెళ్ళే దారిలోనే నా షాపు. నాకు కారు లేదు, అంటే నడిపే హక్కు లేదు, కాబట్టి పొద్దున ఏడుంపావుకు నన్ను ఎక్కించుకుని దింపి వెళ్ళేది. మొదటిరోజు కిక్కురుమనకుండా కూర్చున్నాను. రెండు వీధులు దాటాక, స్టీరింగ్ మీద వేళ్ళతో దరువు వేస్తూ అదే మొదలుపెట్టింది.

"నాన్నా, నీకు తెలుసా? మా డాక్టరుగారికి పిల్లులంటే భయమట! పిల్లి వస్తే టేబులెక్కి మందు చెబుతాడట!"

చేయి తిరిగింది కదా, ఇప్పుడు మాటలు వాటంతటవే వస్తున్నాయి. నేను నవ్వీ నవ్వీ పక్కకు తిరిగి చూశాను. చూసి అలాగే ఉండిపోయాను. ఇన్నేళ్ళూ రోడ్డు చూస్తూ దాని మాటలు విన్నాను గానీ, అవి చెప్పేటప్పుడు దాని మొహం ఎలా వెలుగుతుందో ఎప్పుడూ చూడలేదు. నడిపేవాడికి ఆ వీలుండదు. పక్కసీటులో కూర్చున్నవాడికే ఉంటుంది.

ఇక లైసెన్సు ఎందుకు తెచ్చుకుంటాను, మీరే చెప్పండి? ఫారం దొరకలేదన్నాను. మా ఆవిడ తెచ్చింది. ఫొటోలో కళ్ళు మూసుకున్నానన్నాను. ఇంకోటి తీయించింది. బేరాల ఒత్తిడన్నాను. అది కొంత నిజమే. పది గంటలకు తెరిచే షాపును ఏడున్నరకే తెరుస్తుంటే, ఎదురుకొట్టాయన ఓర్వలేక ఏడుంపావుకే తెరవడం మొదలుపెట్టాడు. అలా రెండు నెలలు గడిపాను.

ఒకరోజు పొద్దున అమ్మాయి కారును రోడ్డుకు ఆ పక్కన ఆపింది.

"ఇటు ఆపావేంటమ్మా? మన షాపు అటు కదా!"

"దిగు నాన్నా. అమ్మ లోపలుంది."

అద్దంలోంచి చూస్తే ఎదురుకొట్టు కౌంటరు దగ్గర మా ఆవిడ నింపిన ఫారంతో కూర్చుని ఉంది. ఎదురుకొట్టాయన తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు.

"ఇవాళ కుదరదమ్మా, పొద్దున్నే ఒక పెద్ద బేరం..."

"నాన్నా," అంది, ఇంజను ఆపి నావైపు తిరిగి. "నీకు లైసెన్సు వస్తే నేను దింపనని ఎవరన్నారు నీతో? రోజూ ఏడుంపావుకి బయల్దేరతాను. నువ్వు రాకపోతే హారను కొడతాను. ఆ రోజు ఆఫీసులో అంతమంది ముందు చెప్పావు. ముందే నాకొక్కదానికి చెప్పుంటే సరిపోయేది కదా."

తలుపు తీసుకుని దిగాను.

"రండి గురువుగారూ! రోజూ సాయంత్రం మేడమ్‌గారు రివర్సు చేయిస్తుంటే, సందులో ఇటూ అటూ చూసి చెయ్యి ఊపింది నేనే" అన్నాడు ఎదురుకొట్టాయన, ఆ నవ్వే నవ్వుతూ. కుర్చీలో కూర్చోబెట్టి దీపం వేశాడు. గోడమీద అక్షరాల బోర్డు చూసి ప్రాణం లేచొచ్చింది. నా షాపులో ఉన్న బోర్డే! ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నది, నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాను. గొంతు సవరించుకున్నాను.

"ఒక్క నిమిషమండీ," అంది వెనకనుంచి మా ఆవిడ. "ఆయనకి అది కంఠతా వచ్చు. వేరేది పెట్టండి."

వేరేది పెట్టాడు. పై వరస చదివాను. మధ్య వరస ఊహించాను. కింది వరసలో చీమలు పాకుతున్నాయి.

"ఎన్నాళ్ళయింది గురువుగారూ కళ్ళు చూపించుకుని?" అన్నాడు ఆయన. ఈసారి నవ్వలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. అద్దాలు రాశాడు. ఫ్రేము మా ఆవిడే ఎంచింది. అవి పెట్టుకుని చదివితేనే ఆయన సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టాడు.

మర్నాడు ఏడుంపావుకు హారను మోగకముందే వెళ్ళి పక్కసీటులో కూర్చున్నాను. అమ్మాయి నా కొత్త కళ్ళజోడు చూసి, స్టీరింగ్ మీద తల ఆనించి, కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. నేనూ నవ్వాను. ఎడమ బుగ్గ మీద దానికి చిన్న సొట్ట పడుతుందని నాకు అప్పుడే తెలిసింది.